సాలూరు బొంతలు, వాటి అంచులు

బొంత ఆయుష్షు అంచులో ఉంటుంది. నడిమి కుట్లు నాలుగు తెగినా ఇంకో చలికాలం నెట్టుకురావచ్చు. అంచు ఊడిందంటే మాత్రం లోపలి పాతలు ఒక్కొక్కటే బయటికి జారి, రెండు ఉతుకుల్లో చింకిపాత అయిపోతుంది. ఏ కాలంలో ఏ బట్ట చేతికి అందితే దానికి తగ్గట్టే అంచు కుట్టే పద్ధతి మారుతూ వచ్చింది.

సాలూరు తూర్పు కనుమల అడుగున, వేగావతి ఒడ్డున ఉంది. విజయనగరం నుంచి రాయపూర్ పోయే రహదారి ఈ ఊరు దాటగానే ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు సాగుతుంది. ఊరు 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు ఏదైనా మార్గశిరం, పుష్యమాసాల్లో కొండగాలి చలి మాత్రం ఒకటే. దూదిపరుపు, ఉన్ని కంబళి కొనలేని ఇంటికి ఆ చలిలో బొంతే దిక్కు.

పాత పద్ధతి బొంతకు నేత చీరే మూలం. ఎనిమిది గజాల చీరను నాలుగు మడతలు వేస్తే రెండు గజాల పొడవు, గజంబావు వెడల్పు వస్తుంది. ఒక మనిషి పడుకోవడానికి అది చాలు. ఈ మడతలో గొప్ప సౌకర్యం ఉంది. పొడవునా రెండు పక్కలా మగ్గం మీద నేసిన అంచులే వస్తాయి, అవి పీచు లేవవు. ఒక కొస మొత్తం మడతే. రెండో కొసలో మాత్రం చీర తాలూకు రెండు తెగిన చివర్లు మిగులుతాయి. వాటిని లోపలికి మడిచి దగ్గర దగ్గరగా కుడితే నాలుగు వైపులా అంచు గట్టిపడినట్టే. అందుకే అప్పటి బొంతకు వేరే పట్టీ అవసరం ఉండేది కాదు. నేతగాడు వేసిన అంచే బొంతకూ అంచు.

మందం కావాలంటే మడతల మధ్య పాత పంచెలు, తువ్వాళ్లు, చిరిగిన చీర ముక్కలు పరుస్తారు. నేల మీద బట్ట బిగలాగి, ముడత లేకుండా చేత్తో సాపు చేసి, ముందు దూరం దూరంగా పచ్చికుట్టు వేస్తారు. ఒంటి దారం ఆగదు కాబట్టి రెండు మూడు పోగులు కలిపి పేనుతారు. ఆ తర్వాత అంచు నుంచి కుట్టుకుంటూ లోపలికి రావడమా, నడిమి నుంచి బయటికి పోవడమా అన్నది కుట్టేవారి అలవాటు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు తమ ‘కవంది’ బొంతను అంచు దగ్గరే మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుస్తారు. మూలల్లో ‘ఫూల’ అనే చిన్న బట్టమడతలు కుట్టనిదే అది పూర్తయినట్టు కాదు. బెంగాల్ కాంథాలు ప్రదర్శనశాలల దాకా వెళ్లాయి. తెలుగు బొంత రోజూ వాడే వస్తువు కావడంతో అరిగి, చివరికి మసిగుడ్డ అయి పోయింది.

అతుకుల బట్టకు అంచు కట్టడం గురించి చాలా పాత రాత బౌద్ధ వినయపిటకంలో ఉంది. మగధ వరిమళ్లను చూపించి, అదే తీరున భిక్షువులు కట్టే చీవరం కుట్టించమని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు అందులో కథనం. గట్ల లాంటి అతుకులతో పాటు చుట్టూ వేసే అంచుపట్టీకి కూడా అందులో పేరుంది, ‘అనువాతం’ అని. నెల్లిమర్ల దగ్గర రామతీర్థం, వంశధార ఒడ్డున శాలిహుండం ఆరామాల్లో ఉన్న భిక్షువులు కట్టిన బట్ట ఆ సంప్రదాయానిదే.

ఇరవయ్యో శతాబ్దంలో రెండు మార్పులు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బట్ట కరువై, 1943లో ప్రభుత్వం నూలు మీద, బట్ట మీద నియంత్రణ పెట్టింది. కొత్త బట్టే దొరకనప్పుడు పాత చీర బొంతకు మిగలడం కష్టం, మిగిలినా చిన్న ముక్కలే. ముక్కలు చేరేకొద్దీ తెగిన కొసలు పెరుగుతాయి, వాటిని మూయడానికి విడిగా పట్టీ కావాల్సి వస్తుంది. రెండోది కుట్టుమిషను. చేతికి లొంగని మందాన్ని కూడా అది అంచు వెంట తేలిగ్గా బిగించింది.

ఆ తర్వాత నైలాన్, పాలిస్టర్ చీరలు వచ్చాయి. అవి జారతాయి, చెమట పీల్చవు, బొంతకు నప్పవు. మిగిలిన నూలుచీరలు పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ల మూటల్లోకి పోయాయి. బజారు దుప్పట్లు చవకయ్యాయి. బొంత చాలా ఇళ్లలో పసిపిల్లల పక్కకే పరిమితమైంది.

ఇప్పుడు ఇంట్లో పోగయ్యే నూలుబట్ట టీషర్టు. దీనితో బొంత కుట్టేటప్పుడు చిక్కు అంచు దగ్గరే వస్తుంది. టీషర్టు నేత బట్ట కాదు, అల్లిక బట్ట. దానికి మగ్గం అంచు ఉండదు. కత్తిరించగానే పక్క అంచులు వెనక్కి, పైకిందల అంచులు ముందుకి చుట్టుకుంటాయి. లాగితే సాగుతుంది. అందుకే ముక్క కోయకముందే వెనక వైపు ఫ్యూజింగ్ గుడ్డ ఇస్త్రీతో అతికిస్తారు. అది బట్టను నిలబెడుతుంది.

చదరాలు కలిపి, అడుగున నూలుచీర వేసి, మధ్యలో దూదిపొర పెట్టి కుట్టాక అంచు ముగించడానికి దారులున్నాయి. పాత బొంత వాసన ఉన్నది మొదటిది. అడుగు బట్టను నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి, పై అంచు మీదికి రెండు మడతలుగా తిప్పి కుట్టేస్తారు. గలీబులా ఎదురెదురు కుట్టి, చెయ్యి పట్టేంత సందులోంచి తిరగేయడం తేలిక, కాని బరువైన టీషర్టుల బొంతకు మూలలు పదునుగా రావు. అన్నిటికన్నా నిలిచేది విడి పట్టీ. రెండున్నర అంగుళాల నూలుపట్టీని నిలువునా సగానికి మడిచి, పావు అంగుళం లోపలికి కుట్టి, వెనక్కి తిప్పి చేతికుట్టు వేస్తారు. తిన్నని అంచుకు నిలువు పట్టీ చాలు. మూలలు గుండ్రంగా తిప్పితేనే క్రాస్ పట్టీ కావాలి. చదరపు మూలకు పావు అంగుళం ముందే కుట్టు ఆపి, పట్టీని పైకి ఏటవాలుగా మడిచి మళ్లీ కిందికి దించాలి. కుట్టేటప్పుడు పట్టీనిగానీ టీషర్టునిగానీ లాగకూడదు. లాగితే అంచు అలలు తేలుతుంది, ఏ ఇస్త్రీకీ అది సర్దుకోదు.

సాలూరు లారీల ఊరు. సరుకు మీద కప్పే కాన్వాస్ టార్పాలిన్‌కు అంచులో తాడు పెట్టి మడిచి కుడతారు. బరువు పడే బట్టకు అంచు రెట్టింపు కావాలన్న లెక్క అక్కడా ఇక్కడా ఒకటే. బొంతలో ముఖం దగ్గరి అంచు మిగతా మూడింటికన్నా ముందు మాసి అరుగుతుంది. విడి పట్టీ వేసిన బొంతకైతే ఆ ఒక్క వైపు పట్టీ విప్పి కొత్తది వేసుకోవచ్చు, లోపలి కుట్టు కదిలించకుండానే.