పలికే బల్లి, పలకని ఉడుత



మన ఇళ్ళలో బల్లి పలకడం కొత్త విషయం కాదు. ఎవరో ఒక మాట అంటుండగా గోడమీది బల్లి పలికిందంటే "అదిగో, సత్యం!" అని పెద్దలు వేలితో నేలమీద తట్టేవారు. బల్లి మీద పడితే కలిగే ఫలితాలను పంచాంగకర్తలు శిరస్సు మొదలు పాదాల వరకు పట్టికలుగా అచ్చువేస్తారు. కంచి వరదరాజస్వామి కోవెలకు వెళ్ళినవారు బంగారు బల్లిని తాకనిదే వెనుదిరగరు. ఇంత మర్యాద అనుభవించిన ప్రాణి కథానాయకుడై గెంతుతూ, దూకుతూ, నోటికి వచ్చినట్లు చమత్కారాలాడడం మాత్రం మొన్న మా మనుమడి పుణ్యమా అని చూశాను.

ఆ బల్లి పేరు గెక్స్. అమెరికాలోని క్రిస్టల్ డైనమిక్స్ సంస్థ 1995లో త్రీడీఓ అనే యంత్రం కోసం చేసిన ఆట అది. ఆ తరువాత ఇతర యంత్రాలకూ వచ్చింది. 1998లోనూ 1999లోనూ దానికి మరి రెండు భాగాలు వెలువడ్డాయి. మూడింటినీ కలిపి 2025లో లిమిటెడ్ రన్ గేమ్స్ అనే సంస్థ తిరిగి విడుదల చేసింది. కథ చాలా చిన్నది. రోజంతా టెలివిజన్ చూస్తూ కాలక్షేపం చేసే ఒక బల్లిని రెజ్ అనే దుష్టుడు ఆ పెట్టెలోకే లాగేసుకుంటాడు. అక్కడినుండి బయటపడడమే ఆట. గోడలెక్కడం, తోకతో కొట్టడం, నాలుక చాచి పురుగులను పట్టడం దాని విద్యలు. వీటన్నిటికంటె పెద్ద విద్య మాట. అడుగుకొక విసురు, దూకుకొక ఎకసెక్కం. దానికి గొంతు ఇచ్చినవాడు డానా గూల్డ్ అనే హాస్యగాడు.

మా మనుమడు పడిపడి నవ్వుతున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా ఇంగ్లీషు అంత చెడ్డదేమీ కాదు. అర్థం కాకపోవడానికి కారణమేమిటని ఆలోచిస్తూ పోతే ఈ వ్యాసం తయారయింది.

జంతునాయకుల ఆటల చరిత్ర తిరగవేస్తే, మొదట్లో ఆ జంతువులన్నీ మూగవే. కారణం రసజ్ఞత లేక కాదు, చోటు లేక. 1983లో జపానులో నింటెండో సంస్థ తెచ్చిన ఫామికామ్ యంత్రం తెరమీది బొమ్మను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గల చిన్న గళ్ళను పేర్చి కూర్చేది, మన ఆడపడుచులు చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్లే. ఒక గడిలో ఒక ఇంగ్లీషు అక్షరం హాయిగా పడుతుంది. జపానువారు కూడ తొలినాళ్ళలో తమ కంజీ అక్షరాలను పక్కనపెట్టి తేలికైన కనా అక్షరాలతోనే సరిపెట్టుకున్నారు. ఇక మన "స్త్రీ" అనే ఒక్క అక్షరాన్ని ఆ గడిలో ఇమిడ్చి చూడండి! గుడి దీర్ఘం పైగడిలోకి, వత్తులు కిందిగడిలోకి పోవలసిందే. 1985లో వచ్చిన సుప్రసిద్ధమైన సూపర్ మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. అందులో మనిషి గొంతుకు తావెక్కడ?

1991 జూన్‌లో సేగా సంస్థవారి సోనిక్ అనే నీలిరంగు ముళ్ళపంది వచ్చింది. గాలికంటె వేగంగా పరుగెత్తేది గాని నోరు విప్పేది కాదు. అదే సంవత్సరం అక్టోబరులో యూనికోడ్ తొలి సంచిక వెలువడింది. అందులో మన తెలుగుకు 128 గదుల ఇల్లు ఒకటి కేటాయించారు. తోటి బ్లాగరులకు ఈ ఏడాది గుర్తు పెట్టుకోదగినది. అయితే ఇల్లు కేటాయించగానే కాపురం మొదలు కాలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఖతి వచ్చేదాకా సామాన్యుడి కంప్యూటరు తెరమీద మన అక్షరాలు కుదురుగా నిలబడలేదు. ముళ్ళపందికి కాళ్ళు ఉన్నాయి, నోరు లేదు. మన భాషకు చిరునామా ఉంది, గడప లేదు.

1993లో అకొలేడ్ సంస్థ బబ్సీ అనే అడవిపిల్లిని దింపింది. దాని సృష్టికర్త మైకేల్ బెర్లిన్ అంతకుముందు నవలలూ, కేవలం అక్షరాలతో నడిచే కథా క్రీడలూ రాసిన రచయిత. అందుకే కాబోలు, ప్రతి ఘట్టం ముందూ ఆ పిల్లి ఒక మాట విసిరేది. అంతకుమించి మాట్లాడడానికి ఆ క్యాసెట్లలో ఇంకా చోటు లేదు. అటుపై సీడీ వచ్చింది. 40 కిలోబైట్లు ఎక్కడ, సుమారు 650 మెగాబైట్లు ఎక్కడ! పదహారువేల రెట్లు. గెక్స్‌కు వాచాలత్వం అబ్బింది ఆ పళ్ళెం పుణ్యాన. యంత్రం విశాలమైతే మొదట చొరబడేది మాటే అన్నమాట.

ఇంతకంటె నన్ను ఆకర్షించిన సంగతి మరొకటి. గెక్స్ రెండవ భాగాన్ని బ్రిటన్‌లో అమ్మినప్పుడు అమెరికా గొంతును అలాగే ఉంచలేదు. లెస్లీ ఫిలిప్స్ అనే సుప్రసిద్ధ బ్రిటిష్ హాస్యనటుడి చేత మళ్ళీ పలికించారు. మూడవ భాగానికి డానీ జాన్ జూల్స్ అనే మరొక నటుడిని పెట్టారు. భాష ఒకటే, ఇంగ్లీషే. అయినా ఒక ఊరి వేళాకోళం మరొక ఊళ్ళో పేలదని వ్యాపారులు గ్రహించారు. లాభనష్టాలు లెక్కవేసేవారికి తెలిసిన ఈ సూక్ష్మం, ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠం చెప్పిన నాకు ఆనాడు తెలియలేదు. ఆ ముచ్చటకు తరువాత వస్తాను.

మాట్లాడే జంతువులకు మన సాహిత్యంలో కొదవ లేదు. పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నంలోని శుచిముఖి అనే హంస దౌత్యం నడిపిన తీరు ముందు ఏ రాయబారీ నిలవడు. అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతిలో హంస రాత్రికొక కథ చెప్పి ఒక ఇల్లాలి కాలు గడప దాటకుండా ఆపుతుంది. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక ప్రకటించాడు. అందులోని దమనకుడు అనే నక్క వంటి మాటకారి తెలుగులో మరొకడు లేడని నా అభిప్రాయం. సింహానికి ఒక మాట, ఎద్దుకు ఒక మాట చెప్పి ఇద్దరి స్నేహాన్నీ చెడగొట్టిన ఘనుడు. అతని ప్రసంగాలను నేను ఏళ్ళ తరబడి తరగతిలో చదివి వినిపించాను. పిల్లలు ఏళ్ళ తరబడి కునికిపాట్లు పడ్డారు. తప్పు సూరిది కాదు. ఒక కాలపు గొంతును మరొక కాలపు చెవికి అందించే పని నాది. నేను అర్థతాత్పర్యాలు చెప్పి ఊరుకున్నాను.

గ్రంథాలను వదలి వీధిలోకి వస్తే, సంక్రాంతికి మా చల్లపల్లి వాకిళ్ళలోకి వచ్చే గంగిరెద్దు ఉంది. ఆడేది ఎద్దు, మాట్లాడేది పక్కన సన్నాయి పట్టుకున్న మనిషి. "అయ్యగారికి దండం పెట్టు" అంటాడు, ఎద్దు తల ఊపుతుంది. ఆ ఇంటివారి పిసినారితనం మీదా, కొత్త అల్లుడి మీదా వేళాకోళం చేస్తాడు, ఎద్దు మళ్ళీ తల ఊపుతుంది. గెక్స్‌కూ డానా గూల్డ్‌కూ ఉన్న సంబంధం సరిగ్గా ఇదే.

తోలుబొమ్మలాట పోలిక ఇంకా దగ్గరిది. వెనుక దీపం, ముందు తెల్లని తెర. పక్కకు తిరిగి నిలిచిన రంగురంగుల బొమ్మలు తెర ఈ కొసనుండి ఆ కొసకు నడుస్తాయి, దూకుతాయి, తన్నుకుంటాయి. ఈ పక్కచూపు గెంతులాటలకు ఇంతకు మించిన పూర్వరూపం ఏముంటుంది? నిమ్మలకుంట కళాకారులు నేటికీ చేస్తున్న ఆ బొమ్మలలో హనుమంతుడిది పెద్ద స్థానం. మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరివారిని ఆటపట్టిస్తారు. రామాయణం మారదు, పోలిగాడి హాస్యం మాత్రం ఏ ఊరిది ఆ ఊరికే. మా పొరుగున ఉన్న కూచిపూడివారి భామాకలాపంలో మాధవి సంభాషణలో కూడ ప్రదర్శకుడికి ఇటువంటి స్వేచ్ఛ ఉంది. అందుకే ఆ హాస్యం ముదరలేదు. గెక్స్ హాస్యం 1990ల అమెరికా టెలివిజన్‌ను తెలిసినవారికే. అది పళ్ళెంలో గడ్డకట్టి ఉంది. ఇప్పుడు దానికి అమెరికా పిల్లలకే టీక రాయవలసి ఉంటుంది. మా మనుమడు నవ్వినదీ ఆ గొంతు విరుపుకేనని, ఆ పేర్లు తనకూ తెలియవని అడిగితే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

1990ల చివర మా ఊరిలో ఒక చిన్న గదిలో వీడియో ఆటల అంగడి ఉండేది. ఫామికామ్‌ను అనుకరించి చేసిన చవక యంత్రాలు, వేల ఆటలున్నాయని పైకాగితం మీద గొప్పలు చెప్పుకొనే క్యాసెట్లు. లోపల చూస్తే అవే పది పదిహేను ఆటలు పేర్లు మార్చుకొని తిరిగేవి. గంటకు ఇంత అని పుచ్చుకొనేవారు. నా తరగతి పిల్లవాడొకడు అక్కడే కాపురం. చిప్, డేల్ అనే రెండు ఉడుతల ఆట వాడికి ప్రాణం. జపానులోని కాప్‌కామ్ సంస్థ 1990లో చేసినది. ఉడుతలు పెట్టెలు ఎత్తి విసురుతాయి. గొంతు లేదు, మధ్యమధ్య తెరమీద కొన్ని ఇంగ్లీషు వాక్యాలు. అప్పట్లో ఆదివారాలు దూరదర్శన్‌లో మాట్లాడిన బాతులూ ఎలుగుబంట్లూ హిందీలో మాట్లాడేవి. మా పిల్లలకు తెలుగు పలికే జంతువు నీతిచంద్రికలో తప్ప మరెక్కడా దొరకలేదు.

ఒకరోజు వాడి తెలుగు నోటుపుస్తకం వెనుక పుటలు చూశాను. పెన్సిలుతో గళ్ళు గీసి ఆట ఘట్టాలు వేశాడు. ప్రతి ఘట్టం కిందా ఉడుతలు ఏమనుకుంటున్నాయో రాశాడు. అంతా దివిసీమ మాట. ఒక ఉడుత గోతిలో పడబోతూ, పంటకాలవలో పడ్డ సైకిలు గురించి ఏదో అంటుంది. రెండవది దానికి జవాబు చెబుతుంది. నేను ఎర్రసిరా తీసి దీర్ఘాలూ వత్తులూ దిద్దాను. "గ్రామ్యము" అని పక్కన రాశాను. తండ్రిని పిలిపించి పుస్తకం చూపించాను. మరునాటి నుండి ఆ పిల్లవాడు అంగడికి వెళ్ళలేదు. నోటుపుస్తకం వెనుక పుటలు కూడ ఖాళీగానే ఉన్నాయి. నేను గెలిచాననుకున్నాను.

వాడు చేసిన పని లెస్లీ ఫిలిప్స్ చేసిన పనే. పరాయి జంతువుకు మన ఊరి గొంతు తొడిగాడు. అదికూడ ఎవరూ అడగకుండా, ఎవరూ డబ్బు ఇవ్వకుండా, నేను నేర్పిన అక్షరాలతోనే. తెలుగు చదవరని జీవితమంతా వాపోయిన నేను, తనంతట తాను తెలుగు రాసుకుంటున్న ఒక్కడిని ఆపేశాను.

2009లో హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం బాల హనుమంతుడు నాయకుడుగా ఒక ఆట చేసింది. సోనీవారు ప్రచురించారు. ఆ యంత్రానికి పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ఆటగా దాన్ని చెప్పుకున్నారు. అమెరికాలోని నెవాడాకు చెందిన రాజన్ జెడ్ అనే హిందూ ధార్మిక నాయకుడు, దేవుణ్ణి ఆటగాడి చేతి మీటకు లోబరచడం తగదని, ఆటను ఉపసంహరించమని కోరారు. ఆయన బాధను నేను తేలిక చేయను. కాని తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి కర్రపుల్లలతో ఆడించినవారు భక్తిలో మనకంటె తక్కువవారు కారు. ముందుగా పూజ చేసి మరీ ఆడించారు. నా చింత వేరు. ఆ హనుమంతుడు కిష్కింధలో మొదటిసారి నోరు విప్పగానే, ఇతడు వ్యాకరణం క్షుణ్ణంగా చదివినవాడని రాముడంతటివాడు లక్ష్మణుడితో చెప్పి మెచ్చుకున్నాడు. లంకలో అతని బలం కంటె ముందు పనిచేసింది, సీతమ్మకు నమ్మకం కలిగేలా మాట్లాడిన నేర్పు. నవవ్యాకరణ పండితుణ్ణి నాయకుణ్ణి చేసుకొనే అదృష్టం మనకుంది. అతని కండబలంతో పాటు వాక్కును కూడ ఆటలోకి తేగలిగితే, లోకంలో ఏ బల్లీ ఏ పిల్లీ పోటీకి రావు.

కాలం కొంత మారింది. 2019లో లయన్ కింగ్ చిత్రానికి తెలుగులో నాని, బ్రహ్మానందం, అలీ గొంతులిచ్చారు. అడవిపందీ, ముంగిసా తెలుగులో పోట్లాడుకుంటుంటే హాలులో పిల్లలు నవ్వడం స్వయంగా విన్నాను. సినిమాకు జరిగినది ఆటలకు జరగడానికి ఇప్పుడు చోటు అడ్డం కాదు, లిపి అడ్డం కాదు. రాసేవారు కావాలి. రాసేవారిని ఎర్రసిరాతో బెదరగొట్టనివారు కూడ కావాలి.

మొన్న మనుమడితో కూర్చొని గెక్స్ మాటలు కొన్నిటికి తెలుగు చేశాను. నేను చెప్పినవి విని "తాతయ్యా, ఇది బల్లి కాదు, పంచాంగం" అన్నాడు. తరువాత వాడే చెప్పాడు, నేను రాసుకున్నాను. హ్రస్వదీర్ఘాలు దిద్దలేదు.

ఆ పాత విద్యార్థి ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. వయసు నలభై దాటి ఉంటుంది. ఎప్పుడైనా ఈ పుట వాడి కంటబడితే ఒక మాట. నాయనా, ఆ ఉడుతల సంభాషణ బాగుంది. నేను ఆ రోజే చెప్పి ఉండవలసింది.