పొటోసీ నగరపు వెండికొండ

వెండికొండ యనగానే తెలుగువారికి కైలాసము స్ఫురించును. మానవులు త్రవ్వి, కరగించి, నాణెములుగా మార్చిన వెండికొండ యొకటి దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున కలదు. దాని పాదమున నున్న నగరమే పొటోసీ. మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను శుభసమయమున ఆ రజతపు చరిత్ర నెఱుగుట అప్రస్తుతము కాదు.

పొటోసీ సముద్రమట్టమునకు సుమారు 4,000 మీటర్ల ఎత్తున, అనగా తిరుమల కొండకు నాలుగింతలకు మించిన ఎత్తున నున్నది. క్రొత్తగా వచ్చిన యాత్రికుడు నాలుగడుగులు వేసినంతనే ఆయాసపడును. ఇరుకు వీథులలో నడచుచుండగా శంఖాకారపు ఎఱ్ఱని కొండ యొకటి కనిపించుచుండును. దాని పేరు 'సెర్రో రీకో', అనగా సంపన్నమైన కొండ.

ఇంకా సామ్రాజ్యమును జయించిన స్పెయిన్ వారికి 1545లో ఈ కొండ వెండి సంగతి తెలిసినది. చలిగాలి తప్ప మఱేమియు లేని ఆ చోట కొలది దశాబ్దములలోనే మహానగరము వెలసినది. 17వ శతాబ్దారంభమున అచట సుమారు 1,60,000 మంది యుండిరని చెప్పుదురు. గొప్ప విలువ గలదానిని 'పొటోసీ యంతటిది' యనుట స్పానిష్ భాషలో నానుడి యయ్యెను.

ఈ వైభవమునకు మూలము రెండు ఏర్పాట్లు. 1570వ దశాబ్దమున ఫ్రాన్సిస్కో దె తొలేదో అను రాజప్రతినిధి వాని నెలకొల్పెను. మొదటిది పాదరసము. ముడిఖనిజమును నీటిమరలతో పొడిచేసి, ఉప్పును పాదరసమును కలిపి, కూలీలచే కాళ్లతో త్రొక్కించి వెండిని వేఱుచేసెడివారు. ఆ విషము వారి దేహముల కెక్కెను. మరలు త్రిప్పుటకు కొండలపై చెరువులు నిర్మించిరి. 1626లో అందొకటి తెగి, మరలను కొట్టివేసి, ఎందఱినో బలిగొన్నది.

రెండవది 'మీత'. ఇంకా రాజుల నాడు ప్రజలు వంతులవారీగా రాజ్యమునకు పనిచేయు ఆచారము కలదు. తొలేదో దానిని గనుల వెట్టిగా మార్చెను. 16 మండలముల పురుషులలో ఏడవ వంతు, ఏటేట సుమారు 13,500 మంది, రావలసియుండెను. ఆలుబిడ్డలతో, లామాల మందలతో వారములకొలది నడచి వచ్చెడివారు. క్రొవ్వొత్తి వెలుతురున, తోలు నిచ్చెనలపై, ఖనిజపు మూటలు మోసెడివారు. కూలి తిండికైనను చాలదు.

1759 నుండి 1773 వఱకు కట్టిన పెద్ద టంకశాల నేడు ప్రదర్శనశాలగా నున్నది. వెండిని రేకులుగా సాగదీసిన కొయ్యయంత్రములు, క్రింది అంతస్తున కంచరగాడిదలు తిరిగిన చోటు అందు చూడవచ్చును. ఆనాటి నాణెముపై రాజు పేరును, టంకశాల గుర్తును, వెండిని పరీక్షించిన యధికారి అక్షరమును కలవు. త్రవ్వినవాని గుర్తు మాత్రము లేదు.

ఆ వెండి స్పెయిన్ లోనైనను నిలువలేదు. యుద్ధములకు, అప్పులకు వ్యయమై, 1557, 1575, 1596 సంవత్సరములలో ఆ రాజ్యము ఋణములు తీర్చలేక చేతులెత్తినది. వెండి ఐరోపా వర్తకుల చేతులు మాఱి ఆసియాకు ప్రవహించినది. 1611లో మచిలీపట్టణమున దిగిన ఇంగ్లీషు వర్తకులును, వారికి ముందే వచ్చిన డచ్చివారును కోరినవి మన వస్త్రములు. ఐరోపా సరకులకు ఇచట గిరాకి స్వల్పము గనుక వారు వెండిని తెచ్చి చెల్లించిరి. ఆ కాలమున ఐరోపా వెండికి ముఖ్యాధారము అమెరికా గనులే. మన సాలెవారి మగ్గమునకును ఆ గని కూలీల చెమటకును ఇట్టి దూరపు బంధుత్వము కలిగినది.

స్పెయిన్ పాలన తొలగి 1825లో బొలీవియా స్వతంత్రమయ్యెను. మీత అంతరించినది, గనిపని అంతరింపలేదు. నేటికిని కార్మికులు తగరము, యశదము, మిగిలిన వెండి కొఱకు ఆ కొండలోనికి పోవుచున్నారు. 'తీయో' అను గనిదేవతకు కోకా ఆకులు సమర్పించి రక్షణ వేడుకొందురు. రాతిధూళి ఊపిరితిత్తులను తినివేయుచున్నది. యునెస్కో 1987లో ఈ నగరమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. త్రవ్వకములచే శిఖరము క్రుంగుచుండుటచే 2014లో ప్రమాదస్థితి పట్టికలో చేర్చినది.

సంపద పుట్టిన చోటనే నిలుచునని తలచుట పొరపాటని పొటోసీ చెప్పుచున్నది. వెండి ఖండములు దాటిపోయినది. బోలుకొండయు, దగ్గుచున్న కార్మికుడును మిగిలిరి. నాణెముపై చోటు దొరకని ఆ మనుష్యులకు చరిత్ర గ్రంథములందైనను చోటు దొరకవలెను. అట్టి గ్రంథములను చదివి, వారిని తలచుకొనుట మన గ్రంథాలయమునకు తగిన రజతోత్సవము.