టెస్లామేట్

టెస్లామేట్ అనునది టెస్లా సంస్థ తయారు చేయు విద్యుత్తు కార్ల ప్రయాణ, చార్జింగు వివరములను యజమాని సొంత కంప్యూటరులోనే నమోదు చేసి భద్రపరచు ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు. ఇది 2019లో తొలిసారిగా విడుదలైనది. దీనితో టెస్లా సంస్థకు సంబంధము లేదు. స్వతంత్ర ప్రోగ్రామర్లు దీనిని అభివృద్ధి చేయుచున్నారు. ఇతరుల సర్వరులో ఖాతా తెరచి చందా చెల్లించుటకు బదులు, యజమానియే ఈ సాఫ్టువేరును తన ఇంట స్థాపించుకొనును. ఇది పద్దు పుస్తకమును ఇంటనే ఉంచుకొనుట వంటిది. పుస్తకముపై హక్కు యజమానిదే, దానిని కాపాడుకొను బాధ్యత కూడా యజమానిదే.

ప్రయోజనము

కారు తెరపై అప్పటి చార్జి, వేగము, మిగిలిన దూరము కనిపించును. బ్యాటరీ సామర్థ్యము ఏటేటా ఎంత తగ్గుచున్నది, చలికాలమున కిలోమీటరుకు ఎంత విద్యుత్తు అధికముగా ఖర్చగుచున్నది, నిలిపి ఉంచిన కారులో చార్జి ఎంత తరుగుచున్నది అను ప్రశ్నలకు మాత్రము దీర్ఘకాలపు లెక్కలు కావలెను. ఉదాహరణకు, ఒక రాత్రి గోడ ప్లగ్గు నుండి 33 యూనిట్లు తీసుకొనగా బ్యాటరీలో 30 యూనిట్లు మాత్రమే చేరినచో, చార్జింగు సామర్థ్యము సుమారు 91 శాతము. మిగిలిన 3 యూనిట్లు ప్రధానముగా వేడి రూపమున నష్టమైనవి. ఇట్టి లెక్కలను టెస్లామేట్ ప్రతి చార్జింగుకు విడివిడిగా చూపును.

నిర్మాణము

ఇందు నాలుగు భాగములు కలవు.

* టెస్లామేట్: టెస్లా సర్వరు నుండి వివరములు తెచ్చు ముఖ్య ప్రోగ్రాము. ఇది ఎలిక్సిర్ భాషలో వ్రాయబడినది.
* పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్: వివరములను భద్రపరచు డేటాబేసు.
* గ్రాఫానా: ఆ వివరములను పటములుగా, పట్టికలుగా చూపునది.
* మస్కీటో: వివరములను ఇంటిలోని ఇతర స్వయంచాలక పరికరములకు అందించు ఎమ్‌క్యూటీటీ సర్వరు. ఇది ఐచ్ఛికము.

పని చేయు విధానము

టెస్లామేట్ కారుతో నేరుగా మాట్లాడదు. కారు తన వివరములను టెస్లా సర్వరుకు పంపును. యజమాని అనుమతితో టెస్లామేట్ వాటిని అక్కడినుండి తెచ్చుకొనును. కారు నడచుచున్నప్పుడు కొద్ది సెకన్లకొకసారి స్థానము, వేగము, చార్జి నమోదగును.

నిలిపిన కారు కొంతసేపటికి నిద్రావస్థలోనికి పోవును. మాటిమాటికి వివరములు అడుగుచుండినచో అది నిద్రపోలేక బ్యాటరీ వృథాగా తరుగును. అందువలన కారు కదలక ఉన్నప్పుడు టెస్లామేట్ తన ప్రశ్నలను కొంతకాలము ఆపివేయును. ఈ వ్యవధిని అమరికలలో మార్చుకొనవచ్చును.

స్థాపన

ఎల్లప్పుడు నడచుచుండు ఒక కంప్యూటరు, కనీసము 1 జీబీ మెమరీ, అంతర్జాల సంబంధము అవసరము. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు కూడా సరిపోవును. స్థాపన క్రమము ఇది:

1. కంప్యూటరులో డాకర్‌ను స్థాపించవలెను.
2. పైన తెలిపిన భాగములన్నిటిని వివరించు డాకర్ కంపోజ్ ఫైలును సిద్ధము చేసి, డేటాబేసు సంకేతపదమును, గుప్తీకరణ తాళమును సొంతముగా ఎంచుకొని వ్రాయవలెను.
3. డాకర్ ద్వారా అన్ని భాగములను ప్రారంభింపవలెను.
4. బ్రౌజరులో 4000 పోర్టు వద్ద టెస్లామేట్ పుటను తెరచి, టెస్లా ఖాతా టోకెన్లను నమోదు చేయవలెను. టోకెను అనగా సంకేతపదమునకు బదులుగా పనిచేయు అనుమతి పత్రము.
5. 3000 పోర్టు వద్ద గ్రాఫానాను తెరచి, ముందుగా ఇచ్చిన "అడ్మిన్" అను సంకేతపదమును వెంటనే మార్చవలెను.
6. ఇల్లు, కార్యాలయము వంటి స్థలములకు సరిహద్దులు గుర్తించి, అచ్చటి యూనిట్టు ధరను వ్రాసినచో చార్జింగు ఖర్చు లెక్కింపబడును.

2022 నాటి ఘటన

2022 జనవరిలో జర్మనీకి చెందిన 19 ఏళ్ల భద్రతా పరిశోధకుడు డేవిడ్ కొలంబో, 13 దేశములలోని 25కు పైగా టెస్లా కార్లపై తనకు కొంత అదుపు లభించినదని వెల్లడించెను. తలుపులు తెరచుట, దీపములు వెలిగించుట, తాళము లేకుండ కారును నడుపుటకు అనుమతించుట సాధ్యమయ్యెను. స్టీరింగు, బ్రేకులు మాత్రము అతని అదుపులోనికి రాలేదు. టెస్లా సంస్థ సర్వరులలో లోపము దీనికి కారణము కాదు. కొందరు యజమానులు టెస్లామేట్‌ను అంతర్జాలమున అందరికి అందుబాటులో ఉంచిరి. అప్పట్లో టోకెన్లు గుప్తీకరణ లేకుండ డేటాబేసులో ఉండుటచే, గ్రాఫానా ద్వారా వాటిని చదువుటకు వీలాయెను. తదుపరి టెస్లా సంస్థ ప్రభావిత టోకెన్లను రద్దు చేసినది. టెస్లామేట్‌లో టోకెన్లను గుప్తీకరించు ఏర్పాటు వచ్చినది.

భద్రత, పరిమితులు

* 4000 పోర్టు పుటకు సహజముగా సంకేతపద రక్షణ లేదు. కావున దానిని ఇంటి నెట్‌వర్కుకే పరిమితము చేయవలెను. బయటినుండి చూడదలచినచో వీపీఎన్ గాని, సంకేతపదము అడుగు ప్రాక్సీ గాని అవసరము.
* గుప్తీకరణ తాళము పోయినచో టోకెన్లను తిరిగి నమోదు చేయవలసి వచ్చును.
* డేటాబేసు ప్రతిని క్రమముగా వేరొక చోట దాచవలెను. కంప్యూటరు డిస్కు చెడిపోయినచో ఏళ్ల తరబడి లెక్కలు పోవును. వాటిని తిరిగి ఇచ్చు సంస్థ వేరొకటి లేదు.
* కంప్యూటరు ఆగియున్న సమయమున జరిగిన ప్రయాణములు నమోదు కావు.
* స్వీయ నిర్వహణ అన్నను సంపూర్ణ గోప్యత కాదు. వివరములు టెస్లా సర్వరు మీదుగానే వచ్చును; స్థలముల చిరునామాలు తెలిసికొనుటకు అక్షాంశ రేఖాంశములు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి సేవకు పంపబడును.
* ఇంట భద్రపరచిన డేటాబేసు ఒక కుటుంబము ఎప్పుడు ఎచ్చటికి పోవునో తెలుపు దినచర్య వంటిది. కారును పలువురు నడుపుచున్నచో ఈ నమోదు సంగతి వారికి తెలిసియుండుట ఉచితము.

ఇవి కూడా చూడండి

* విద్యుత్తు వాహనము
* లిథియం అయాన్ బ్యాటరీ
* డేటాబేసు
* ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్