గెలల సైకిలుకు క్రొత్త చట్రము

రావులపాలెమునందలి అరటిపండ్ల మార్కెట్టుకు తెల్లవారుజామున పోయినవారికి సైకిళ్ల బారు కనబడును. లంకగ్రామములనుండి, కాలువగట్లవెంబడి వచ్చు ఆ సైకిళ్లపై మనిషి కూర్చుండడు, గెలలే కూర్చుండును. రైతు హేండిలు పట్టుకొని ప్రక్కన నడచివచ్చును. ఆటోలును, వ్యానులును ఆ బరువులో చాలభాగమును పంచుకొన్నను, గెలల సైకిలు కోనసీమ కన్నులకు ఇంకను పరిచితమైనదే.

చక్రము వంగినచో సరిచేయించుకొనవచ్చును. గొలుసు తెగినచో మార్చుకొనవచ్చును. చట్రము, అనగా ఫ్రేము, బీటవారిననాడు మాత్రము యజమానికి చిక్కు వచ్చును. అతుకు వేయింపవలెనా? క్రొత్త చట్రము కొనవలెనా? సైకిలునే విడిచిపెట్టవలెనా? ఆనాటి కూలియు, బజారుకు చేరవలసిన సరకును ఈ ప్రశ్నపై ఆధారపడియుండును. అందుచేత ఈ చట్రము ఎక్కడ పుట్టినదో, ఎట్లు పెరిగినదో శ్రోతలతో కొంచెము ముచ్చటింపదలచితిమి.

1817లో కార్ల్ ఫాన్ డ్రైస్ అను జర్మనీయుడు రెండుచక్రముల బండి నొకదానిని చేసెను. దాని చట్రము ఒక కొయ్యదూలము. పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకొనుచు పోవలసియుండెను. 1860 తరువాత ఫ్రాన్సులో ముందుచక్రమునకు పెడళ్లు వచ్చినవి. వేగముకొరకు ఆ చక్రమును పెంచుచు పోగా, మనిషియెత్తు సైకిళ్లు బయలుదేరినవి. వానిపైనుండి పడుట యనగా తలక్రిందుగా పడుటయే. 1885లో ఇంగ్లండునందలి కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలును వెలువరించెను. దాని చక్రములు ఇంచుమించు సమానములు. గొలుసు వెనుకచక్రమును త్రిప్పును. 1888లో డన్‌లప్ గాలిటైరు తోడైనది. ఆపై కొలది యేండ్లలోనే, రెండు త్రికోణములను ప్రక్కప్రక్కన చేర్చినట్లుండు నేటి చట్రము స్థిరపడెను. నాలుగు కఱ్ఱలను మూలలయందు మేకులతో బిగించిన చదరము ప్రక్కకు ఒరగును. మూడు కఱ్ఱల త్రికోణము ఒరగదు. ఆ చిన్న గణితమే నేటికిని గెలల బరువును మోయుచున్నది.

1897లో బర్మింగ్‌హాము వాసియగు ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ చివరలు దళసరిగను, నడుమ పలుచగను ఉండు గొట్టమునకు పేటెంటు పొందెను. గొట్టము అతుకులకడ ఎక్కువ శ్రమపడును గదా. బలము అక్కడనే కావలెను. పాశ్చాత్యదేశములలో పందెగాండ్రు తమ కాలుపొడవును, చేయిపొడవును కొలిపించుకొని, దర్జీచే చొక్కా కుట్టించుకొన్నట్లు, చట్రములను చేయించుకొనుట ఆచారమైనది.

మనకు మొదట సీమసైకిళ్లే దిక్కు. స్వాతంత్ర్యానంతరము 1949లో మద్రాసున టీ.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌న అట్లాస్, 1956లో లూధియానాయందు హీరో సంస్థలు వెలసినవి. ఇరువదిరెండంగుళములు, ఇరువదినాలుగంగుళములు అను రెండు కొలతలలోనే ఊరందరును ఇమడవలసియుండెను. పిల్లలు పైగొట్టము క్రిందుగా కాలు దూర్చి తొక్కుచు నేర్చుకొనిరి. అయినను మనవారు తమ సైకిలును తమదిగా చేసికొనకపోలేదు. పందెగాడు ఒడలికి తగిన చట్రమును కోరగా, మన రైతు బరువునకు తగినదానిని కోరెను. ఒకరు రెండు పైగొట్టముల చట్రమును ఏరుకొనిరి. ఒకరు ముందుఫోర్కుకు ఊతకడ్డీలు బిగించిరి. ఒకరు కమ్మరిచే లావుపాటి కారియరు చేయించిరి.

కోనసీమ గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రపుటొడ్డున ఉన్నది. 2002లో యానాము–యెదుర్లంక వంతెన ఏర్పడకపూర్వము అక్కడ నది దాటవలెనన్న పడవయే గతి. కోటిపల్లి–ముక్తేశ్వరము, సఖినేటిపల్లి–నరసాపురము రేవులయందు పంటుపై మనుష్యులతోపాటు సైకిళ్లును దాటినవి. ఈ నీటిచెమ్మయు, ఉప్పుగాలియు ఇనుమునకు పగవాండ్రు. సీటుగొట్టమువెంట దిగిన వాననీరు లోలోపలనే తుప్పు పట్టించును. పైరంగు నిగనిగలాడుచునే యుండును.

కావున పాత చట్రమును పరీక్షించువారు మొదట అతుకులను చూడవలెను. హేండిలు క్రిందను, పెడళ్ల ఇరుసుచుట్టును రంగుపై వెండ్రుకవాసి గీత కనబడినచో అది బీట కావచ్చును. పిమ్మట ఒక నూలుదారమును వెనుకచక్రపు ఇరుసు కూర్చుండు కొసనుండి హేండిలు గొట్టముచుట్టు త్రిప్పి రెండవ కొసకు బిగించి కట్టవలెను. సీటుగొట్టమునకు ఇరుప్రక్కల దారపు ఎడము సమానముగా లేనిచో చట్రము వంకరపోయినట్లే. మామూలు చట్రములలో గొట్టములను లగ్గులలో దూర్చి ఇత్తడిని కరగించి అతుకుదురు. సెగ మితిమీరినచో ఉక్కు బలము తగ్గును. ఒకేచోట పదేపదే కాల్చి అతికించుట మేలు కాదు.

క్రొత్తదానిని కొనునపుడు దానిని కాళ్లనడుమ నుంచుకొని నిలువవలెను. రెండు పాదములును నేలకు ఆనవలెను. పైగొట్టమునకును ఒడలికిని ఒకటి రెండంగుళముల ఎడముండవలెను. పాత చక్రములు, పాత పెడళ్లు దానికి అమరునో లేదో అంగడిలోనే చూచుకొనవలెను.

కారియరువంటి చిన్న భాగము విరిగినచో అతుకు చాలును. హేండిలు గొట్టమువద్దనో, పెడళ్ల ఇరుసువద్దనో బీటవారినచో, పాతదానిపై మమకారమును చంపుకొని చట్రమును మార్చుటయే మా సలహా. కాలువగట్టుపై గెలల బరువుతో అది విరిగినచో పోవునది సరకు మాత్రమే కాకపోవచ్చును. పాత కారియరును క్రొత్త చట్రమునకు బిగించుకొనవచ్చును. మరునాటి తెల్లవారుజామున ఆ సైకిలు మరల బారులో నిలుచును. చూచువారు అది పాత సైకిలే యనుకొందురు.