వాకిలి ఎక్కడుంది?

మా పెద్దమ్మకు అప్పటికి ఎనభై దగ్గర పడుతున్నాయి. వాకాడులో స్వర్ణముఖి వొడ్డున ఆవిడకు మూడెకరాల మాగాణి వుంది. పెదనాన్న పోయాక దాన్ని కౌలుకివ్వకుండా తనే చేయించుకుంటూ వచ్చింది. 2022 ఆగస్టులో నేను వెళ్ళినప్పుడు కాఫీ గ్లాసు చేతికిచ్చి, "అమ్మీ, శుక్రవారంలోగా బ్యాంకులో అడంగల్ కాయితం ఇయ్యాలంట. నువ్వు అంతంత లావు పుస్తకాలు రాస్తావు గదా, ఆ కంప్యూటర్లోంచి తీసియ్యి," అంది.

నవలలు రాసే మనిషికి ఒక కాయితం తీయడం ఓ లెక్కా అని నేనూ దర్జాగానే కూర్చున్నాను. ఒక సైటు తెరిచాను. ఏ సైటో చెప్పను, పాపం దానికీ పరువుంటుంది. జిల్లా ఏదని అడిగింది. నెల్లూరు అన్నాను. మండలాల జాబితా వచ్చింది. పైనుంచి కిందికి చూశాను, కిందినుంచి పైకి చూశాను. వాకాడు లేదు! మళ్ళీ మొదటికొచ్చాను. మూడోసారికి "సరైన వివరాలు ఇవ్వండి" అని ఎర్ర అక్షరాలు కనిపించాయి. సరికానిదేదో మాత్రం చెప్పలేదు.

పక్కనే నిలబడి చూస్తున్న పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "ఏందమ్మీ, మన వూరు తీసేసినారా? అయితే పొలం?" అంది.

ఆ ప్రశ్నకు నేను నవ్వలేకపోయాను. మన పేరూ, మన పొలమూ వాళ్ళ పుస్తకంలో లేకపోతే మనం లేనట్టే అనే భయం ఆవిడ తరానికి బాగా తెలుసు.

సాయంత్రం మా మేనకోడలు వచ్చింది. పక్కనే విద్యానగర్‌లో, 1979లో పెట్టిన ఇంజనీరింగు కాలేజీలో చదువుతోంది. సంగతి విని, "అత్తా! ఏప్రిల్ నాలుగో తేదీ నుంచి మనం తిరుపతి జిల్లా కదా!" అంది. తిరుపతి నొక్కితే వాకాడు బుద్ధిగా బయటపడింది. సిగ్గుతో నా తల వంగిపోయింది. ఆ వార్త పేపర్లో నేనూ చదివాను. కానీ పెద్దమ్మ ఇంట్లో కూర్చుంటే నెల్లూరు తప్ప మరో జిల్లా గుర్తొస్తుందా?

"తప్పు నీది కాదత్తా, ఆ పేజీ అల్లినవాళ్ళది," అంది పిల్ల. ఆ రాత్రి అది చెప్పిన పాఠం ఇప్పటికీ మరిచిపోలేదు.

డోనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ పండితుడు 1988లో రోజువారీ వస్తువుల గురించి ఒక పుస్తకం రాశాడట. తలుపును నెట్టాలో లాగాలో తెలియక మనిషి తడబడితే ఆ తప్పు మనిషిది కాదు, తలుపుదే అన్నది అందులో ఒక ముఖ్యమైన వాదం. ఆ మరుసటి యేడు, 1989లో, టిమ్ బెర్నర్స్ లీ జెనీవా దగ్గరి పరిశోధనాలయంలో ఈ వలకు పథకం వేశాడు. 1991లో అది లోకానికి తెరుచుకుంది. ఇక అక్కణ్ణించి కోట్ల తలుపులు లేచాయి. ఎటు నెట్టాలో తెలియనివే ఎక్కువ!

1994లో జాకబ్ నీల్సన్ అనే డెన్మార్క్ దేశస్థుడు పది సూత్రాలు కూర్చాడు. పదీ చెప్పి మిమ్మల్ని విసిగించను. ఇల్లాలి బుర్రకు ఇట్టే ఎక్కేవి నాలుగున్నాయి. యంత్రం తన భాషలో కాక వచ్చినవాళ్ళ భాషలో మాట్లాడాలి. గుర్తు పెట్టుకోమని శిక్ష వేయకుండా, చూడగానే పోల్చుకునేట్టు వుండాలి. పొరపాటు జరిగాక కసరడం కన్నా జరగకుండా చూడటం మేలు. జరిగితే ఏం జరిగిందో, ఎలా దిద్దుకోవాలో మర్యాదగా చెప్పాలి. మన పోపులపెట్టె ఈ పరీక్షలో నెగ్గుతుంది కదూ! ఆవాలెక్కడో జీలకర్రెక్కడో కొత్త కోడలికి కూడా మూత తీయగానే తెలుస్తుంది.

ఇదంతా తెల్లవాళ్ళు కనిపెట్టిందేనా అని నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. మన పక్క తంజావూరు జిల్లా షియాళిలో పుట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ గుర్తొచ్చారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1931లో గ్రంథాలయశాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. పుస్తకాలు దాచడానికి కాదు, వాడటానికే అన్నది మొదటిదైతే, చదువరి సమయం వృథా కానివ్వకూడదన్నది నాలుగోది. అంతకు ముందే, 1914లో, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వెలిసింది. పుస్తకాన్ని వెతుక్కుంటూ మనిషి రావడం కాదు, మనిషి దగ్గరికే పుస్తకం వెళ్ళాలని తాపత్రయపడ్డవాళ్ళు మనలో ఎప్పట్నుంచో వున్నారు.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని గనక ఇంకోటీ తట్టింది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. తాలూకాల వారీగా పేర్చారు. నవల కోసం ఆ పుస్తకాలు తిరగేసినప్పుడు మా వైపు వూళ్ళను గూడూరు తాలూకా కింద చటుక్కున పట్టుకున్నాను. ఎంత చక్కగా కూర్చారో అని మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే, తాలూకా పేరు నాకు ముందే తెలుసు గనకే ఆ పుస్తకం నాకు లొంగింది. 1985లో మండలాలు వచ్చాక పుట్టిన ఈ పిల్లకు ఆ తాలూకా అడిగితే తెల్లమొహం వేస్తుంది. సర్కారు సొరుగుల వరసలో సర్దితే ఆ సొరుగులు తెలిసినవాళ్ళకే దొరుకుతుంది. సొరుగులు మారితే పెద్దమ్మకు వూరే మాయమైపోతుంది.

అలాగని పైకి కనిపించే సౌకర్యమే సర్వస్వం అనుకోకండి. వాకాడు మండలంలోనే దుగరాజపట్నం వుంది. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు అక్కడ వర్తకస్థానం పెట్టి, ఆర్మగాన్ అని పిలుచుకున్నారు. సముద్రంలో ఇసుకదిబ్బ అడ్డుండటంతో వోడలు నిలవడానికి అనువైన చోటే. కానీ వాళ్ళకు కావలసిన మేలురకం బట్ట అక్కడ సరిగా దొరకలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన మదరాసు పట్నంలో జాగా సంపాదించాడు. అక్కడ రేవన్నదే లేదు, కెరటాలు పడవల్ని తలకిందులు చేసేవి. అయినా బట్ట చవక. మరుసటి యేడు కంపెనీ అటే తరలిపోయింది. వాకిలి ఎంత బాగున్నా లోపల సరుకు లేకపోతే బేరం వుండదని మా వూరి సముద్రం ఎప్పుడో చెప్పింది.

సరుకుండీ అందని రోజులూ చూశాను. డిగ్రీ రోజుల్లో నెల్లూరు ఇంటర్నెట్ సెంటర్లో తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలే కనిపించేవి. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, అది లేని కంప్యూటర్లో మన భాష మనకే మూగపోయేది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కినా, అది మన కళ్ళముందుకు రావడానికి చాలా యేళ్ళు పట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వెతికితే తెలుగు మాట దొరకడమన్నది ఆ తర్వాతనే మనకు అలవాటైంది.

మర్నాడు మేనకోడలు పాత క్యాలెండరు కాయితాల వెనక పెన్సిలుతో మూడు పేజీలు గీసింది. "అవ్వా, ఇదే కంప్యూటరు అనుకో. వేలితో నొక్కు. అత్తా, నువ్వు మాట్లాడకూడదు," అంది. వాడేవాళ్ళను కూర్చోబెట్టి నోరు మూసుకుని చూడటమే ఈ విద్యలో అసలు పాఠమట. నాలుక కరుచుకుని కూర్చున్నాను.

మొదటి కాయితంలో "నా పొలం కాయితం" అని వుంది. పెద్దమ్మ నొక్కింది. రెండోదాంట్లో జిల్లా లేదు, మండలం లేదు. "మీ వూరి పేరు" అని మాత్రమే. "వాకాడు," అని గట్టిగా చెప్పింది. అదే పేరుతో ఇంకో వూరుంటే అప్పుడు ఏ జిల్లా అని అడగొచ్చట. మూడోదాని దగ్గర ఆగిపోయింది. ఖాతా నంబరు అడిగింది. చాలాసేపు చూసి, లేచి లోపలికెళ్ళి, ట్రంకుపెట్టె తెరిచి, కండువాలో చుట్టిన పాసు పుస్తకం తెచ్చింది. ఆ కండువా పెదనాన్నది.

మేనకోడలు గబగబా రాసుకుంది: పాసు పుస్తకం దగ్గర పెట్టుకోమని మొదటి పేజీలోనే చెప్పాలి.

నాకు మాత్రం ఆ కండువా దగ్గర గొంతు పట్టేసింది. ఆవిడకు అది నంబరు కాదు. వచ్చేవాళ్ళు ఏ గది దాటి, ఏ పెట్టె తెరిచి వస్తారో తెలియకుండా వాకిలి ఎలా కట్టగలం?

శుక్రవారం కాయితం బ్యాంకుకు చేరింది. నేను మాత్రం ఇంటికొచ్చి నా పాత నవలల మీద వచ్చిన వుత్తరాలు తీశాను. మొదటి అధ్యాయంలో ఎవరు ఎవరికేమవుతారో తెలియక చస్తున్నామండీ అని ఎందరో రాశారు. చదివేవాళ్ళు శ్రద్ధగా చదవరని ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. వాళ్ళను మూడుసార్లు వెనక్కి పంపింది నేనే! తర్వాతి నవలకు మొదటి పేజీలోనే వంశవృక్షం గీయించాను.

పెద్దమ్మకు చూపిస్తే కళ్ళద్దాలు సవరించుకుని, "మన వూరు యాడుండాదో రాసినావా?" అంది.

"రాశాను పెద్దమ్మా. జిల్లా మటుకు రాయలేదు," అన్నాను.