పుట్ట దగ్గర పాలు, బుట్టలో పాము

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం చుట్టుపక్కల ఊళ్లలో రావీ వేపా కలిసి పెరిగిన చోట తరచుగా ఒక నాగులకట్ట కనిపిస్తుంది. కట్ట మీద వరసగా నిలబెట్టిన రాళ్లలో ఒకదాని మీద జంటపాములు మెలివేసుకుని ఉంటాయి, ఇంకోదాని మీద పడగ విప్పిన ఒంటి నాగు. సంతానం కోసం మొక్కుకుని ప్రతిష్ఠ చేయించినవి వీటిలో చాలా ఉంటాయి. నాగుల చవితికి ఆడవాళ్లు ఈ రాళ్ల మీదా, ఊరి బయట పుట్ట మీదా పాలు పోసి, పసుపు కుంకుమ చల్లి, చలిమిడీ నువ్వుల చిమ్మిలీ పెట్టి మొక్కుతారు. కోస్తాలో ఈ పండగ దీపావళి వెళ్లాక కార్తీకంలో వస్తుంది. సీమలో చాలా ఇళ్లలో మాత్రం, పక్కనున్న కన్నడ నేలలో లాగే, శ్రావణంలో చేసుకుంటారు. చూసేవాళ్లకు ఇది పాముకు తిండి పెట్టే ఆచారమనే అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ ఆచారానికి మూలం పాము జోలికి పోకుండా ఉండడమేనని అనిపిస్తుంది. పట్టుకుని తినిపించడం వేరే పని. దాని చోటు పుట్ట కాదు, పాములవాళ్ల బుట్ట. ఇంట్లో కొండచిలువ పిల్లను పెంచుతూ, అది ఏమీ ముట్టడం లేదని కంగారుపడే ఇవాళ్టి వాళ్లకు కూడా ఈ తేడా తెలియడం అవసరం.

ముందు రాళ్ల సాక్ష్యం చూద్దాం. పెనుకొండలో జైనుల పార్శ్వనాథ ఆలయం ఉంది. పచ్చరాతిలో మలిచిన ఆ తీర్థంకరుడి తల మీద పాము పడగ గొడుగు పట్టి ఉంటుంది. అక్కడికి దగ్గర్లోనే, హిందూపురం పక్కన, లేపాక్షి. అచ్యుత దేవరాయల కాలంలో, 1530ల్లో, విజయనగరం తరఫున పెనుకొండ సీమలో అధికారం నడిపిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయంలో, ఒకే బండలో చెక్కిన ఏడు పడగల నాగు చుట్టలు చుట్టుకుని లింగాన్ని కాపు కాస్తుంది. ఇంకా వెనక్కి పోతే, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాల్లో ముచిలిందుడనే నాగరాజు బుద్ధుడికి పడగ పట్టాడు. మతాలు మూడు, కాలాలు వేరు, పాము చేసే పని మాత్రం ఒకటే: నీడ పట్టడం. పెట్టేది పామే, పుచ్చుకునేది మనిషి, లేదా మనిషి కొలిచే దైవం. లేపాక్షిలో ఆ నాగలింగాన్ని గురించి ఒక కథ చెబుతారు. తల్లి మధ్యాహ్నపు వంట ముగించే లోపు శిల్పులు దాన్ని చెక్కేశారట. ఆ కథలో కూడా ఆకలి శిల్పులది, పాముది కాదు.

రాతిపాము దేవుడు, బతికున్న పాము జంతువు, ఆ రెండింటినీ ఒక గాట కట్టడం సరి కాదని ఎవరైనా అనొచ్చు. అందులో న్యాయం ఉంది. అందుకే రాయిని వదిలి పుట్ట దగ్గరికి పోవాలి. చవితి పంచమి రోజుల్లో పాటించే నియమాల్లో పాలు పోయడం ఒకటి మాత్రమే. ఆ పూట మడక కట్టకూడదు, నేల తవ్వకూడదు, పుట్టను కదపకూడదు అనేవి అంతకంటే గట్టి నియమాలు. ఈ నియమాలకు నాగుపాము జీవితంతో ఉన్న పొంతన గమనించదగ్గది. ఆడనాగు సుమారుగా ఏప్రిల్ నుంచి జూలై లోపల ఎలుక బొరియల్లో, చెదలు కట్టిన పుట్టల్లో 10 నుంచి 30 దాకా గుడ్లు పెడుతుంది. రెండు నెలలు అటూ ఇటూగా అవి పిల్లలవుతాయి. అంటే వానలు అందుకుని, చెరువుల పక్కన కప్పలు అరిచే రోజులకు పాముపిల్లలు బయటికి వస్తాయి. శ్రావణం ఆ రోజుల్లోదే. అసలే రాష్ట్రంలో తక్కువ వాన పడే ఈ సీమలో కప్పలు దొరికే కాలం కూడా కొద్దిదే. ఆ సమయంలో పుట్టను తవ్వకుండా ఉంటే చాలు, పాముపిల్ల తన తిండి తాను వెతుక్కుంటుంది. ఈ ఆచారాన్ని మొదలుపెట్టినవాళ్లు జీవశాస్త్రం ఆలోచించే పెట్టారని నేననను. వాళ్లు పెట్టిన నియమం వల్ల పాముకు జరిగిన మేలు ఏ భాగంలో ఉందో చెబుతున్నాను. అది పాలలో లేదు. పుట్టలోకి కుండలకొద్దీ పోస్తే ఆ పాలు లోపలి గుడ్లను తడిపి పాడుచేయొచ్చు కూడా.

పాము పాలు తాగదని మన పెద్దలకు తెలియదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. పాముల్ని దగ్గరగా చూసిన జనం మనవాళ్లు. 1780ల్లో విశాఖపట్నంలో ఉండి పాముల్ని సేకరించిన పాట్రిక్ రస్సెల్, 1796లో అచ్చయిన తన పుస్తకంలో స్థానికుల నోట విన్న పేర్లనే రాసుకున్నాడు. తరవాత ఆయన పేరే తగిలించుకున్న రక్తపింజర ఆ పుస్తకంలో కాటుక రేకుల పొడ. ఒంటి మీద పొడల్ని బట్టి పామును గుర్తుపట్టగలిగినవాళ్లకు దాని తిండి తెలియకపోవడమన్నది నమ్మశక్యం కాదు. పాము నోట్లో కప్ప అని మాట్లాడుకునే ఊళ్లో పాము ఏం తింటుందో పిల్లలక్కూడా తెలుసు. పాముకు పాలు పోసి పెంచినట్టు అనే సామెత ఉంది కదా అంటారు. ఉంది, సంస్కృత నీతికథల్లోనూ ఆ మాట ఉంది. కాని అది పొయ్యవద్దని చెప్పే మాట. పుట్ట దగ్గర పోసేది నైవేద్యం. నైవేద్యాన్ని దేవుడు కొరికి తింటాడని ఎవరూ అనుకోరు.

మరి పాము పాలు తాగడం కళ్లారా చూశామనేవాళ్ల మాటో? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూసింది బుట్టలోని పామును. పండగకు కొన్ని వారాల ముందే పట్టి, కోరలు పీకి, నీళ్లు కూడా పెట్టకుండా ఉంచిన పాము గొంతు తడుపుకోవడానికి ఏ ద్రవం దొరికినా మూతి పెడుతుంది. మాంసాహారమే తప్ప ఇంకోటి ఎరగని ఆ పొట్టకు పాలు అరగవు. నోరు తెరిచి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేస్తుంది. ఈ పాపాన్నంతా పాములవాళ్ల నెత్తిన రుద్దడం నాకు ఇష్టం లేదు. పాము తాగితేనే పుణ్యం దక్కిందనుకుని చిల్లర వేసిన చేతులు మనవే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ బతుకుతెరువు నేరమైంది, బదులుగా ఇంకో దారి చూపింది మాత్రం తక్కువ. చెన్నై దగ్గర 1978లో పాములు పట్టే ఇరుళ తెగవాళ్లు పెట్టుకున్న సహకార సంఘం అలాంటి అరుదైన దారి. వాళ్లు పట్టిన పామును కొద్ది వారాలు కుండలో ఉంచి, మందు తయారీకి విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. వాళ్ల జీవనం పాము విషంతోనే నడుస్తుంది, అయినా దాన్ని చేతిలో తినేలా మచ్చిక చేసే పని పెట్టుకోలేదు.

ఇప్పుడు నగరాల్లో బుట్టకు బదులు గాజుపెట్టె వచ్చింది. నాగునో జెర్రిపోతునో పెంచుకోవడం మన దేశంలో నేరం. విదేశీ జాతుల్ని పెంచేవాళ్లు 2022 చట్ట సవరణ ప్రకారం నమోదు చేయించుకోవాలి. వాటిలో ఎక్కువమంది తెచ్చుకునేది ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్, తిండి మానేయడంలో పేరుపడ్డ జాతి. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది. ఒకటి రెండు వారాల్లో మొదటి కుబుసం విడిచేదాకా దానికి ఆకలే ఉండదు. కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగుకు తిరిగినప్పుడు కూడా తినదు. పెట్టె చల్లగా ఉంటే తిన్నది అరగదని దానికి తెలుసు, కాబట్టి ముట్టదు. పెంచేవాళ్లు చేసే తప్పు సాధారణంగా ఒకటే: తినలేదని రోజూ తీసి చూడడం, చేతిలో పట్టుకోవడం, మూతి దగ్గర ఎలుకను ఆడించడం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పే మందు ఇందుకు తలకిందులు. పెట్టెలో ఒక పక్కను 31, 32 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, ఒళ్లు ఒదిగేంత ఇరుకైన దాగుడుచోటు పెట్టి, వారం పాటు చేయి పెట్టకూడదు. ఆ తరవాత ఒక రాత్రి, చంపి వెచ్చచేసిన చిట్టెలుక పిల్లను దాగుడుచోటు వాకిట్లో వదిలి లైటు ఆర్పేయాలి. నాలుక బయటికి చాపి గాలిలోని వాసనను నోటి పైకప్పులో ఉన్న అవయవానికి అందించి వేట పోల్చుకునే జీవి అది, మనిషి కదలికలు తగ్గితేనే ఆ వాసన మీద దాని ధ్యాస నిలుస్తుంది.

అలా వదిలేస్తే చచ్చిపోదా అన్నదే చివరికి మిగిలే అభ్యంతరం, అది కొట్టిపారేసేది కాదు. ఎదిగిన పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు, పిల్లకు అంత ఓపిక ఉండదు. అందుకే జోలికి పోకపోవడమంటే పట్టించుకోకపోవడం కాదు. గిన్నెలో నీళ్లు మారుస్తుండాలి, వారానికోసారి తూకం వేసి రాసుకోవాలి. తూకం నిలకడగా ఉన్నంతకాలం వేచి చూడొచ్చు. వారం వారం తగ్గుతూ, వెన్నెముక పైకి తేలుతుంటే సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించాలి. నోరు తెరిచి లోపలికి తోయడం ఆ వైద్యుడి చేతుల్లో ఆఖరి పని.