కారం నుంచి క్యాప్సైసిన్ వరకు: గుంటూరు మిరప ఆల్కలాయిడ్ – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

అమెరికా ఖండం నుంచి ప్రపంచానికి అందిన పంటలలో కోకో, మిరప ముఖ్యమైనవి. కోకో గింజలోని థియోబ్రోమిన్‌ను 1841లో రష్యన్ రసాయనవేత్త వోస్క్రెసెన్‌స్కీ వేరుచేశాడు. మిరపలోని క్యాప్సైసిన్ చరిత్ర అంతకుముందే మొదలైంది. గుంటూరు, ప్రకాశం మైదానాల జీవనాన్ని ప్రభావితం చేసినది ఈ రెండవ పదార్థమే.

పదం – పదార్థం

16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మిరప భారతదేశానికి చేరింది. అంతకుముందు తెలుగువారి వంటలో ఘాటుకు మిరియాలే ప్రధానాధారం. మిరప అన్న పేరే మిరియంతో గల సంబంధాన్ని సూచిస్తుంది. కారము అన్న మాటను క్షార శబ్దంతో ముడిపెట్టే నిఘంటు సంప్రదాయం ఉంది; దానికి ద్రావిడ మూలం చెప్పే వాదమూ ఉంది. ఆల్కలాయిడ్ అన్న పేరు కూడా క్షారాన్ని పోలినది అన్న అర్థంలో 1819లో ఏర్పడింది. అయితే క్యాప్సైసిన్‌లోని నత్రజని అమైడ్ రూపంలో ఉన్నందున దానికి క్షార గుణం లేదు. ఆల్కలాయిడ్ల వర్గంలో చేర్చినా, ఆ పేరు దానికి పూర్తిగా అన్వయించదు.

కొలమానాల చరిత్ర

1816లో బుఖోల్జ్ దీనిని అశుద్ధ రూపంలో వేరుచేశాడు. 1876లో థ్రెష్ స్ఫటిక రూపంలో రాబట్టి పేరు పెట్టాడు. 1919లో నెల్సన్ నిర్మాణాన్ని నిర్ణయించగా, 1930లో కృత్రిమ సంశ్లేషణ సాధ్యమైంది. 1912లో స్కోవిల్ రూపొందించిన పద్ధతిలో మిరప సారాన్ని చక్కెర నీటిలో పలుచన చేస్తూ, ఘాటు తెలియని స్థాయిని నాలుకతో నిర్ణయించేవారు. శుద్ధ క్యాప్సైసిన్ విలువ సుమారు 1.6 కోట్ల యూనిట్లు. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం ఘాటు 35,000 నుంచి 40,000 యూనిట్లు. అంటే కాయ బరువులో సుమారు 0.22 నుంచి 0.25 శాతం.

గుంటూరు సమీపంలోని లాం పరిశోధన కేంద్రం జి-4 వంటి రకాలను రైతుకు అందించింది. అయినా మిర్చి యార్డులో టిక్కీ విప్పినప్పుడు ధరను ప్రధానంగా నిర్ణయించేవి రంగు, తేమ, తాలు కాయల పాళ్లు. కంటికి కనిపించని ఘాటుకు విలువ కట్టేది ఓలియోరెసిన్ పరిశ్రమ. అందుకే తేజ వంటి ఘాటైన రకాలకు అక్కడ గిరాకీ.

వైద్య ప్రయోజనం

క్యాప్సైసిన్ కాయలోపలి తెల్లని ఈనెల కణజాలంలో తయారవుతుంది. నీటిలో దాదాపు కరగదు. కొవ్వులో, ఆల్కహాలులో కరుగుతుంది. నోరు మండినప్పుడు నీరు అంతగా మేలు చేయకపోవడానికి కారణమిదే. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీనిని గ్రహించే నాడీ గ్రాహకాన్ని గుర్తించింది. సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించేదీ ఆ గ్రాహకమే. కనుక కారం 'మండటం' కేవలం అలంకారం కాదు. ఈ కృషికి జూలియస్ 2021 నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. మొదట మంట పుట్టించిన పదార్థమే తరువాత నాడి కొనలను మొద్దుబారుస్తుంది. ఈ గుణం ఆధారంగా 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని సర్పి అనంతర నాడీ నొప్పికి 2009లో అమెరికా ఆమోదించింది.

ముగింపు

ఆ పట్టీని వైద్య సిబ్బంది చేతి తొడుగులతో, నిర్ణీత సమయం మేరకే అతికిస్తారు. కల్లాలలో కాయలు ఏరే, తొడిమలు తీసే స్త్రీల చేతులకు, కళ్లకు, ఊపిరికి అదే పదార్థం కొలత లేకుండా సోకుతుంది. ప్రయోగశాలలో మోతాదుగా, పరిశ్రమలో ధరగా మారిన క్యాప్సైసిన్, కూలీ శరీరం దగ్గర మాత్రం ఇంకా లెక్కకు రాని మంటగానే మిగిలింది. గుంటూరు మిరప చరిత్ర రచనలో రకాలు, ఎగుమతులతోపాటు ఈ శ్రమకూ స్థానం దక్కాలి.